చీటీ రాసి ఇచ్చాక మన పని తీరినట్లేనా?



2006లో నేనొక మెట్ట ప్రాంతపు విచారణలో గురువుగా ఉన్నాను. ఒక ఆదివారం పూజ ముగిసి అందరూ వెళ్ళిపోయేదాకా గుడి అరుగు మీద కూర్చుని, ఎవరూ లేరని చూసుకుని ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె భర్త లారీ క్లీనరు. అంతకు ముందు ఏడాదే చనిపోయాడు. ఏ జబ్బుతో పోయాడో ఊళ్ళో పైకి అన్నవాళ్ళు లేరు గాని, తెలియనివాళ్ళూ లేరు. తన రక్తంలోనూ హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలిందని చెప్పి, "నేను పోతే నా బిడ్డ గతేంటి ఫాదర్ గారూ?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఈ జబ్బుకు ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. మూడు రకాల మందులు కలిపి రోజూ వాడితే మనిషి బతుకుతాడని 1996 నాటికే లోకానికి తెలిసిపోయింది. నేను వెంటనే పెద్దాసుపత్రికి ఒక చీటీ రాశాను. కింద సంతకం చేసి విచారణ ముద్ర వేశాను. బస్సు ఖర్చులకు రెండు వందలు చేతిలో పెట్టాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయాను.

ఆమె రెండుసార్లు వెళ్ళింది. మూడోసారి వెళ్ళలేదు. ఆ సంగతి నేను అడగలేదు. మరుసటి ఏడాది వానాకాలంలో చనిపోయింది. బిడ్డను అమ్మమ్మ తీసుకుపోయింది. భూస్థాపన రోజున ఆ ముసలమ్మే నాకు అసలు విషయం చెప్పింది. రెండు బస్సులు మారాలి. వెళ్ళిన రోజు కూలి పోతుంది. మందులు మొదలుపెట్టాలంటే మళ్ళీ మళ్ళీ రావాలి, వెంట ఒక తోడు మనిషిని తీసుకురావాలి అన్నారట. తోడు కావాలంటే ఎవరో ఒకరికి చెప్పుకోవాలి గదా! రెండోసారి వెళ్ళినప్పుడు వరుసలో నిలబడి ఉండగా మా ఊరి మనిషి ఒకడు అటుగా పోతూ చూశాడు. ఆమె వరుస వదిలి ఇంటికి వచ్చేసింది.

ఇందులో పాపం ఎవరిది? తోడు మనిషి ఉండాలన్న నియమం మంచికే పెట్టారు. మందు మధ్యలో మానేస్తే జబ్బు మందుకు లొంగకుండా పోతుంది కాబట్టి, గుర్తుచేసేవారు ఒకరు ఇంట్లో ఉండాలని. డాక్టరు తన పని తాను చేశాడు. గుమాస్తా తన పని తాను చేశాడు. నేను చీటీ రాశాను. అందరమూ మన వంతు చేశాము, ఆమె చనిపోయింది. పాపసంకీర్తనం వినే బల్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా కూర్చుంటున్నాను గాని, ఇలాంటి పాపాన్ని తనదిగా చెప్పుకున్నవారు నాకు తగల్లేదు. నేనూ చాలాకాలం చెప్పుకోలేదు.

ఈ మధ్య మా పక్క మఠంలో నర్సుగా ఉన్న ఒక సిస్టర్ గారు హెచ్.ఐ.వి. సేవలో ఒక శిక్షణకు వెళ్ళి వచ్చారు. దానికి "ఇంప్లిమెంటేషన్ సైన్స్" అని పేరట. అమలు శాస్త్రం అనుకుందాం. మందు పనిచేస్తుందా అని అడగడం వైద్యశాస్త్రం. పనిచేస్తుందని తేలిన మందు మనిషిదాకా ఎందుకు చేరడం లేదు, ఎలా చేరుతుంది అని అడగడం ఈ శాస్త్రం. ఈ పేరుతోనే ఒక వైద్య పత్రిక 2006లో మొదలైందని ఆమె చెప్పినప్పుడు నాకు చివుక్కుమంది. నేను చీటీ రాసిన సంవత్సరమే.

ఆ శిక్షణలో మొదటి పాఠం ఒక లెక్క. రోగి పరీక్షకు రావడం ఒక మెట్టు. ఫలితం తెలుసుకోవడం, పేరు నమోదు, మందు మొదలు, ఏడాది తర్వాత కూడా వాడుతూ ఉండడం, మొత్తం ఐదు మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా నూటికి తొంభై మంది దాటారనుకోండి. ఏ మెట్టు దగ్గర ఉన్నవాడైనా నాకు నూటికి తొంభై మార్కులు వచ్చాయని మీసం మెలేస్తాడు. కాని ఐదో మెట్టు మీద మిగిలేది యాభై తొమ్మిది మందే. నలభై ఒక్క మంది దారిలో పోయారు. వాళ్ళను పోగొట్టినవాడు మాత్రం ఎవడూ లేడు. పాపం ఎవరిదన్న నా ప్రశ్నకు ఈ లెక్క జవాబు చెప్పలేదు గాని, నేను వెతికే చోటు తప్పని మాత్రం చూపించింది. నేను ఒక్కొక్క మనిషి దగ్గర వెతుకుతున్నాను. ఆమె జారిపోయింది ఇద్దరు మనుషుల మధ్య ఉన్న సందులో.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటన్ నౌకా వైద్యుడు ఓడ మీద పన్నెండుమంది రోగులకు వేర్వేరు మందులిచ్చి చూసి, నారింజ, నిమ్మ పండ్లు తిన్నవారు స్కర్వీ నుంచి కోలుకున్నారని గమనించాడు. ఆ దేశపు నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది 1795లో. నలభై ఎనిమిది ఏళ్ళు! నిమ్మకాయకు అంత ఆలస్యమైతే ఇక మిగతావాటి సంగతి చెప్పాలా?

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసు వారి వివేకమనే సుగుణాన్ని గురించి పరీక్షకు బట్టీ పట్టాను. వివేకానికి మూడు పనులున్నాయని వారు రాశారు. మార్గాలు విచారించడం ఒకటి, ఏది సరియో తేల్చుకోవడం రెండవది, తేల్చుకున్నదాన్ని ఆచరణలో పెట్టించడం మూడవది. ఈ మూడింటిలో మూడవదే ముఖ్యమని వారి తీర్పు. మంచేదో బాగా తెలిసి అక్కడే ఆగిపోయినవాడు వారి లెక్కలో వివేకవంతుడు కాడు. నిర్లక్ష్యాన్ని ఒక ప్రత్యేక పాపంగా వారు ఎంచిందీ ఈ సందర్భంలోనే. ఆ జవాబుకు నాకు మంచి మార్కులు కూడా వచ్చాయి. చూశారా, మూడో పని గురించి రాసి నేను రెండో పని దగ్గరే ఆగిపోయాను.

తోటి గురువు ఒకరితో ఈ మాట అంటే ఆయన నవ్వి, "ప్రేమ ఉంటే చాలు స్వామీ, దానికి ట్రైనింగు కూడానా?" అన్నారు. ఆ తల్లి మీద నాకు ప్రేమ లేకపోలేదు. లేనిది, ఆమె ఏ మెట్టు దగ్గర ఆగిపోతుందో ముందుగా చూడగల చూపు. ఆ చూపు దానంతట అదే రాదు, నేర్చుకోవాలి. నేర్చుకునే అవకాశం ఉండి నేర్చుకోకపోతే, "నా మనసు మంచిదే" అన్న మాట ఎంతవరకు నిలుస్తుంది?

ఆఫ్రికాలో మొజాంబిక్ దేశపు టెటె రాష్ట్రంలో 2008లో జరిగిన సంగతి సిస్టర్ గారు చెప్పారు. అక్కడా మందులున్నాయి. ఆస్పత్రులు దూరం, దారులు అధ్వానం. ప్రతి నెలా మందుకోసం రోజుల కొద్దీ నడవలేక జనం మానేస్తున్నారు. సరిహద్దులు లేని వైద్యుల సంస్థవారు, అక్కడి ఆరోగ్యశాఖవారు కలిసి ఒక ఏర్పాటు చేశారు. ఆరోగ్యం నిలకడగా ఉన్న రోగులు ఆరుగురు దాకా ఒక జట్టు. నెలకొకరు ఆస్పత్రికి వెళ్ళి తన పరీక్ష చేయించుకుని, అందరి మందులూ తెస్తారు. అంటే మనిషికి ఆరు నెలలకొక ప్రయాణం. 2011లో వెలువడిన నివేదిక ప్రకారం ఆ జట్లలోని పదమూడు వందల మందికి పైగా సభ్యుల్లో నూటికి తొంభై ఏడుమందికి పైగా చికిత్సలో నిలిచారు. జట్లలో చేరినవారు ముందునుంచీ కాస్త కుదురుగా ఉన్నవారే కాబట్టి ఆ అంకెను చూసి మరీ పొంగిపోకూడదు. అయినా కొత్త మందేమీ లేదు, కొత్త యంత్రమూ లేదు. దారి నడిచే వంతు పంచుకున్నారు, అంతే.

ఇలాంటి మార్పు కోసం మన దేశంలో చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చి బస్సులు ఆగిపోయేసరికి, రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వడం త్వరత్వరగా విస్తరించింది. అదేదో అంతకు ముందే చేసి ఉండవచ్చుగదా అని అడగాలనిపిస్తుంది. అడిగితే ఎవరిని అడగాలి?

అయితే ఈ శాస్త్రాన్ని చేతిలో పట్టుకున్నవారు జాగ్రత్తపడవలసిన చోటు ఒకటుంది. ఆఫ్రికాలోనే మలావి దేశం 2011లో ఒక ధైర్యమైన నిర్ణయం చేసింది. అప్పట్లో రోగనిరోధక శక్తిని కొలిచే సి.డి.4 పరీక్ష చేసి, అంకె పడిపోతేనే మందు మొదలుపెట్టేవారు. ఆ యంత్రాలు అక్కడి చాలా ఆస్పత్రుల్లో లేవు. అందుచేత హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికీ ఆ పరీక్షతో పనిలేకుండా జీవితాంతం మందులివ్వాలని తీర్మానించారు. ఏ చికిత్సా లేకపోతే నూటికి పదిహేను నుంచి నలభై ఐదుమంది దాకా బిడ్డలకు తల్లి నుంచి జబ్బు సోకుతుంది. మందు వాడితే అది ఐదుకు లోపే ఉంటుంది. ఈ పద్ధతి వేలాది పసిప్రాణాలను కాపాడింది, తర్వాత ఎన్నో దేశాలు అనుసరించాయి. కాని లెక్కలు తీసి చూస్తే ఒక సంగతి బయటపడింది. తమ జబ్బు ముదిరి మందు మొదలుపెట్టిన స్త్రీలకంటే, గర్భవతి కాబట్టి మందు మొదలుపెట్టిన స్త్రీలు, మొదటిరోజు తర్వాత మళ్ళీ కనబడకుండా పోవడం ఐదురెట్లు ఎక్కువ.

ఎందుకుండదు? పొద్దున గర్భిణి పరీక్షకని వచ్చిన మనిషి. ఒంట్లో ఏ బాధా లేదు. పది గంటలకు ఈ పిడుగులాంటి మాట చెప్పారు. మధ్యాహ్నానికి చేతిలో సీసా పెట్టి, బతికినంతకాలం మింగమన్నారు. ఇంటికెళ్ళి భర్తకేమి చెప్పాలి? బిడ్డను కాపాడాలన్న ఆత్రంలో తల్లిని ఒక దారిలాగా చూశామేమో. బిడ్డ ప్రాణం ఆగే విషయం కాదని నాకు తెలుసు. రేపు రమ్మంటే ఆమె రేపు కూడా రాకపోవచ్చు. అయినా మందు చేరవేయడమే గెలుపు అనుకుంటే, ఆ మనిషి ఒప్పుకుందా, తలవంచిందా అన్న తేడా మన పుస్తకంలోకి ఎక్కదు. మెట్లు లెక్కపెట్టే శాస్త్రం ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలని నా వాదన. సిస్టర్ గారు దీనికి అభ్యంతరం చెప్పలేదు. మలావిలో ఆ స్త్రీలు కనబడకుండా పోయారని తెలిసిందే లెక్క పెట్టినందువల్లగదా అని మాత్రం గుర్తుచేశారు. నిజమే. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోయిందని ఆ కాపరికి తెలియాలంటే ముందు లెక్కపెట్టి ఉండాలి.

లెక్కపెట్టేవాళ్ళ విలువ వాళ్ళు పోయినప్పుడు తెలుస్తుంది. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపివేసినప్పుడు, ఆఫ్రికాలో ఇంటింటికీ తిరిగి రోగులను కలిసే కార్యకర్తలు, ఆస్పత్రుల్లో లెక్కలు రాసే గుమాస్తాలు ఎందరో పని పోగొట్టుకున్నారు. బీరువాలో మందున్నా, రానివాళ్ళెవరో చెప్పేవాళ్ళు లేకపోయారు.

శిక్షణలో సిస్టర్ గారికి ఒక అభ్యాసం ఇచ్చారట. రోగి నడిచే దారిని మనమే నడవాలి. గేటు నుంచి మందు చేతికి వచ్చేదాకా ప్రతి కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డామో గడియారం చూసి రాసుకోవాలి. "మీరూ ఒకసారి నడిచి చూస్తారా ఫాదర్ గారూ?" అని నన్నడిగారు. ఆమే అక్కడివారి అనుమతి తీసుకున్నారు. గత నెలలో ఒక గురువారం, లుంగీ మీద కాదుగాని మామూలు చొక్కా ప్యాంటులో, మొదటి బస్సుకే బయలుదేరి వెళ్ళాను. పేరు నమోదు కిటికీ దగ్గర నలభై నిమిషాలు. తర్వాత బల్ల మీద ఒక గంట. పక్కన కూర్చున్న ముసలాయన నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చి, "కొత్తగా వచ్చావా? భయపడకు" అన్నాడు.

మందుల కిటికీ దగ్గర నిలబడి ఉండగా మా విచారణ మనిషే ఒకాయన, ఎవరినో చూడడానికి వచ్చాడు కాబోలు, వరండాలో నా ఎదురుగా వచ్చాడు. నన్ను చూశాడు. కిటికీ పైన రాసి ఉన్న బోర్డు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. "నేను ఊరికే చూడడానికి వచ్చానయ్యా" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. సిస్టర్ గారిచ్చిన పుస్తకంలో ఆ కిటికీ పేరుకు ఎదురుగా ఇరవై ఐదు నిమిషాలు అని రాశాను. పక్కనే 'ఇతర వివరాలు' అని ఇంకో గడి ఉంది. బస్సులో కూర్చుని చాలాసేపు కలం పట్టుకున్నాను గాని అందులో ఏమీ రాయలేకపోయాను.