నొప్పి ఉందని భీష్ముడే చెప్పాడు

భీష్మ ఏకాదశి నాడు మా గాజువాక కాలనీ ఆడవాళ్లమంతా చేరి విష్ణు సహస్రనామం చదువుతాం. ప్రసాదాలప్పుడు ఎవరో ఒకరు భీష్ముడి అంపశయ్య మాట ఎత్తుతారు. ఒళ్లంతా బాణాలు దిగినా కిక్కురుమనకుండా ఉత్తరాయణం దాకా ఉన్నాడు, ఓర్పంటే అదీ, అంటారు. ఆ వెంటనే నావైపు తిరిగి, "మీ వారూ అంతే కదమ్మా, ఏనాడూ అబ్బా అని ఎరగరు" అంటారు. ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడదు. రాత్రిళ్లు ఆయన పక్కన ఉండేది నేను.

మా వారు ఆర్మీలో ఇంజనీర్ల రెజిమెంటులో చేశారు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యాన్ని సరిహద్దుకు తరలించారు. మైళ్ల పొడవునా మందుపాతరలు పాతారు. యుద్ధం జరగలేదు. 2002 అక్టోబరులో వెనక్కి రమ్మన్నారు. పాతినవన్నీ మళ్లీ ఒక్కొక్కటే తియ్యాలి. అలా తీస్తుండగా రాజస్థాన్ ఇసుకలో ఈయన ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పుణెలో 1944 నుంచీ ఉన్న ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కాలు పెట్టి, నడక నేర్పి పంపారు. ఆ చేతులకు దండం పెడతాను. నొప్పి మాత్రం ఆయనతోపాటు ఇంటికి వచ్చింది.

లేని కాలి బొటనవేలు నొప్పెడుతుంది. ఎవరో పట్టుకారుతో ఆ వేలు పట్టి వెనక్కి విరుస్తున్నట్టు ఉంటుందట. నిద్రలోనే ఆయన చెయ్యి ఆ వేలు ఉండాల్సిన చోటికి పోతుంది. దుప్పటి తడుముతుంది, గుడ్డని పిడికిట పడుతుంది. దవడ బిగుసుకుంటుంది. లేచి లైటు వేస్తే "ఏం లేదు, పడుకో" అంటారు. ఒక డాక్టరు, లేని కాలు ఎలా నొప్పెడుతుందండీ అని నవ్వాడు. ఆ తర్వాత చాలాకాలం ఈయన ఏ డాక్టరు దగ్గరా ఆ ఊసెత్తలేదు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులను చూసి వెయిర్ మిచెల్ అనే డాక్టరు 1871లోనే ఈ నొప్పి గురించి రాశాడు. కాలు పోయినా మెదడులో ఆ కాలికున్న చోటు పోదు. తెగిన నరాల కొసలు ఊరుకోవు.

ఊళ్లో పెద్దవాళ్లు పూర్వజన్మ కర్మ అన్నారు, అనుభవిస్తేనే తీరుతుందన్నారు. ఈయనా నమ్మారు. పైగా సిపాయి నోట నొప్పి అన్న మాట రాకూడదని పంతం. ఎండా చలీ వచ్చిపోయేవి, ఓర్చుకో అని గీతలో కృష్ణుడే చెప్పాడుగా అని నా నోరు మూయించేవారు.

అందుకని వ్యాస భారతం తెలుగు వచనం పట్టుకు కూర్చున్నాను. భీష్ముడు పడిన రోజున దుర్యోధనుడు బాణాలు తీసే వైద్యులను తీసుకొస్తాడు. వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపెయ్యమంటాడు భీష్ముడు. మా కాలనీవాళ్ల కథ ఇక్కడితో సరి. భారతం మాత్రం ఆగలేదు. యుద్ధం అయ్యాక, శాంతిపర్వంలో, ధర్మరాజును వెంటబెట్టుకుని కృష్ణుడు వస్తాడు. వచ్చి ఒంటి బాధ గురించే అడుగుతాడు. చిన్న ములుకు దిగినా నొప్పే కదా, నీకు ఇన్ని బాణాలాయె అని. ధర్మం చెప్పమంటే భీష్ముడు దాచుకోలేదు. ఒళ్లంతా బాధగా ఉంది, బుద్ధి కుదురుగా లేదు, మాట పెగలడం లేదు అని చెప్పేశాడు. అప్పుడు కృష్ణుడు ఓర్చుకో అనలేదు. మంట, మూర్ఛ, నొప్పి, ఆకలిదప్పులు ఏవీ నిన్ను అంటవని వరమిచ్చాడు. మర్నాడు వచ్చి, రాత్రి ఎలా గడిచిందని అడిగాడు కూడా.

రాజధర్మం, మోక్షధర్మం, ఆనుశాసనిక పర్వంలోని సహస్రనామం, అన్నీ ఆ తర్వాతే. ఏటా మేం కూర్చుని చదివే ఆ వెయ్యి నామాలూ నొప్పి తీరిన మనిషి చెప్పినవి.

గీతలో ఓర్చుకో అన్నదీ, ఇక్కడ నొప్పి తీసేసిందీ ఒక్క కృష్ణుడే. అర్జునుడు ఆ యుద్ధంలో అప్పటికి ఒంటిమీద గీత పడనివాడు. భీష్ముడు గాయపడ్డవాడు. గాయపడ్డవాడికి కృష్ణుడు ఓర్పు బోధించలేదు, మనం బోధిస్తున్నాం. కర్మే అనుకుందాం. ఆయన కర్మ నొప్పి పడటమైతే, మందు తెచ్చి ఇవ్వడం నా కర్మ కాదా? ఎదుటివాళ్ల పాపపుణ్యాల పద్దు మనకెవరూ అప్పజెప్పలేదు.

నొప్పి గురించి బుద్ధుడూ రెండు బాణాల సంగతి చెప్పాడు. మొదటిది ఒంటికి తగిలే బాధ, రెండోది దాన్ని తలుచుకుని మనసు పడే బాధ. రెండోది వేసుకోకండి అన్నాడు. అదే బుద్ధుడికి దాయాది దేవదత్తుడు దొర్లించిన బండ పెచ్చు పాదంలో దిగితే, నొప్పిని ఓర్చుకున్నాడు, వైద్యుడు జీవకుడి చేత చికిత్సా చేయించుకున్నాడు. రెండూ చేశాడు. మా ఇంట్లో ఆ రెండో బాణం ఎక్కువగా బయటివాళ్లే వేశారు. యుద్ధమే జరగలేదు కదా, కాలెలా పోయిందీ అని పెళ్లిళ్లలో అడుగుతారు. ఆ రాత్రి వేలి నొప్పి ఎక్కువ. గాయానికి ఒక అర్థం ఉంటే నొప్పి తగ్గుతుందేమో. 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర ఘోరంగా దెబ్బతిన్న సైనికుల్లో చాలామంది మార్ఫిన్ అడగలేదని బీచర్ అనే డాక్టరు గమనించాడు. ఆ గాయంతో వాళ్లు ప్రాణాలతో ఇల్లు చేరతారు, అదీ కారణం అన్నాడు. మా వారి గాయానికి అలాంటి అర్థం ఎవరూ ఇవ్వలేదు.

భీష్ముడి కథ చదివి వినిపించాక ఈయన మెత్తబడ్డారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ నుంచి రాయించుకుని నొప్పుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ప్రీగాబలిన్ అనే మందు మొదలుపెట్టారు. అద్దం వైద్యం నేర్పారు. మన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో కనిపెట్టిన పద్ధతి అది. 2007లో అమెరికాలో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రివాళ్లూ కాళ్లు పోయినవాళ్లకు చేసి చూసి, పనిచేస్తుందన్నారు. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి కుడి కాలి వేళ్లు ఆడిస్తే, అద్దంలో ఎడమ కాలు ఆడుతుంది. కొన్ని వారాలకు ఒకరోజు, "వేలు వదులైందే" అన్నారు, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

మొత్తం పోలేదు, పోతుందని డాక్టరూ చెప్పలేదు. వానాకాలంలో మళ్లీ వస్తుంది. మందూ అద్దమూ తీర్చగా మిగిలిన ఆ కాస్తకే గీతలో మాట అని ఇప్పుడు ఇద్దరం ఒప్పుకున్నాం. పదికి ఎంత ఉంది నొప్పి అని డాక్టరు అడిగితే ఇదివరకు రెండు అనేవారు. మొన్న ఆరు అన్నారు. మందు మోతాదు మార్చి రాశారు.