జ్ఞానం, విజ్ఞానం: బెంగళూరు విశ్వవిద్యాలయం ముందున్న తాత్త్విక ప్రశ్న

విశ్వవిద్యాలయం మనిషికి ఏమిస్తుందన్న ప్రశ్న పరిపాలనకు సంబంధించినదిగా పైకి కనిపించినా, మూలంలో అది తత్త్వవిచారానికి చెందినదే. తెలియడమంటే ఏమిటో తేల్చుకోనిదే నేర్పడమంటే ఏమిటో చెప్పడం సాధ్యం కాదు. బెంగళూరు విశ్వవిద్యాలయం తన ధ్యేయవాక్యాన్ని భగవద్గీత తొమ్మిదో అధ్యాయం నుంచి స్వీకరించి, జ్ఞానాన్ని విజ్ఞానంతో జోడించింది. నేటి వాడుకలో విజ్ఞానమంటే సైన్సు. శంకరాచార్యుల గీతాభాష్యం ప్రకారం మాత్రం శాస్త్రం వల్ల, ఆచార్యుని వల్ల కలిగే ఎరుక జ్ఞానం కాగా, అది స్వానుభవంగా పండినప్పుడు విజ్ఞానమవుతుంది. అమరకోశం మరో దారి పట్టి, మోక్షవిషయమైన బుద్ధిని జ్ఞానమనీ, శిల్పశాస్త్రాలకు సంబంధించిన దాన్ని విజ్ఞానమనీ విభజించింది. ఒకే మాటలో ఇమిడిన ఈ మూడు అర్థాల మధ్య పెనుగులాటగా ఆ విశ్వవిద్యాలయ చరిత్రను చదవవచ్చు.

1858లో బెంగళూరులో మొదలైన ఉన్నత పాఠశాల 1875 నాటికి సెంట్రల్ కాలేజీగా ఎదిగి, మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండి, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని పరిధిలోకి వచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న 1917లో నగరంలో ఇంజనీరింగు కళాశాల వెలిసింది. 1928 మార్చి 16న సి.వి. రామన్ కాంతి పరిక్షేపణంపై తాను కనుగొన్న విషయాన్ని సెంట్రల్ కాలేజీ ఉపన్యాస మందిరంలోనే వివరించారు. ఈ రెండు కళాశాలలను కేంద్రంగా చేసుకొని 1964లో బెంగళూరు విశ్వవిద్యాలయం అవతరించింది; 1970ల్లో జ్ఞానభారతి ప్రాంగణానికి తరలింది; దాని పరిధి క్రమంగా కోలారు, తుమకూరు జిల్లాలకూ విస్తరించింది.

ధ్యేయవాక్యంలోని జంటపదాలు ఎంత బరువైనవో ఈ విశ్వవిద్యాలయపు ఇద్దరు ఉపకులపతుల జీవితాలు చూపుతాయి. 1966 నుంచి 1969 వరకు ఆ పదవిలో ఉన్న కన్నడ కవి వి.కె. గోకాక్, పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తుడై, 1981లో అక్కడ ఏర్పడిన ఉన్నత విద్యాసంస్థకు తొలి ఉపకులపతి అయ్యారు. 1972 నుంచి 1977 వరకు అదే పీఠంలో ఉన్న హెచ్. నరసింహయ్య భౌతికశాస్త్రవేత్త, గాంధేయవాది. మహిమలను, మూఢనమ్మకాలను పరిశీలించేందుకు 1976లో ఒక సంఘాన్ని ఏర్పరచి, బాబా మహిమలను పరీక్షకు నిలపాలని కోరారు. బాబా అందుకు అంగీకరించలేదు. ఆ వివాదం దేశమంతటా చర్చకు వచ్చింది. ఒకరికి అనుభవమే ప్రమాణం, అంటే సత్యాన్ని నిర్ధారించే సాధనం. మరొకరికి పదిమంది ఎదుట మళ్లీ మళ్లీ నిలిచే పరీక్షే ప్రమాణం. అయితే ఇద్దరూ పుస్తకంలో ఉన్నంత మాత్రాన దేన్నీ తెలిసినట్టు లెక్కగట్టలేదన్నది గమనించవలసిన విషయం.

ఈ ప్రశ్న నగరంలోని పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, అనంతపురం సీమను ఆనుకొని ఉన్న వై.ఎన్.హొసకోటలో ఇంట తెలుగు, బడిలో కన్నడం వినబడతాయి. పట్టుచీరల నేత ఆ ఊరికి పేరు తెచ్చింది. పడుగులో ఒక్క పోగు తెగినా నేతగాడి వేలికి కంటికన్నా ముందే తెలుస్తుంది. తెగిన కొసలను నలిపి అతికి, అచ్చులో దాని సందులోకి మళ్లీ ఎక్కించి, నాడె విసిరేసరికి చీరలో ఆ అతుకు జాడ కనిపించదు. అమరకోశం దృష్టిలో ఇది శిల్పం కనుక విజ్ఞానం. శంకరుల నిర్వచనంలోని అనుభవమనే గుణం కూడా దీనికి ఉంది. అయినా ఈ తెలివికి పట్టా లేదు, పరీక్ష లేదు. మగ్గం దిగి కళాశాలకు వెళ్లిన నేతగాడి బిడ్డ ఇంటి విద్యను గుమ్మం బయట విడిచి లోపలికి అడుగుపెట్టవలసి వస్తోంది.

చదువుకు, అనుభవానికి మధ్య ఈ ఎడం కొత్తది కాదు. ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు సనత్కుమారుణ్ణి ఆశ్రయించి, వేదాలు మొదలుకొని తాను చదివిన విద్యలన్నీ ఏకరువు పెట్టి, ఇన్ని తెలిసినా శోకాన్ని దాటలేకపోయానని ఒప్పుకుంటాడు. సనత్కుమారుడు ఆ చదువును తోసిపుచ్చకుండా, అదంతా నామమాత్రమని చెప్పి, అక్కడినుంచే అతణ్ణి ఒక్కొక్క మెట్టు పైకి తీసుకెళతాడు. ప్రశ్నించడం అపచారమన్న భావన ఈ సంవాదంలో లేదు. గురువు గొప్పతనం శిష్యుని ప్రశ్నకు తలుపు తెరవడంలోనే ఉంది.

తుమకూరు జిల్లాకు 2004లో సొంత విశ్వవిద్యాలయం వచ్చింది; 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయం మూడుగా చీలింది. ఎల్లలు మారినా ధ్యేయవాక్యం మోపిన బాధ్యత మారలేదు. విశ్వాసం మనిషి హక్కు, కాని విద్యాలయ ప్రాంగణంలో అది ప్రశ్నకు అతీతం కాదు. పరీక్ష శాస్త్రానికి ప్రాణం, కాని చేతికి, గుండెకు తెలిసిన దాన్ని అజ్ఞానమనే అధికారం దానికి లేదు. ప్రశ్నను భరించలేని జ్ఞానం, అనుభవంగా మారని చదువు రెండూ అసంపూర్ణాలే. హొసకోట మగ్గానికి, జ్ఞానభారతి గ్రంథాలయానికి మధ్య రాకపోకలు ఏర్పడిన నాడే ఆ విశ్వవిద్యాలయం తన ధ్యేయవాక్యానికి న్యాయం చేసినట్టు.