ఎండుమట్టిలోని గుడ్డు బతికున్నట్టా?

ప్రాణమంటే ఆగకుండా సాగే క్రియా, లేక క్రియ ఆగినా చెదరని కూర్పా అన్న ప్రశ్నలో ఛాందోగ్యోపనిషత్తు మొదటి పక్షానికే మొగ్గినట్టు కనిపిస్తుంది. వాక్కు, చూపు, వినికిడి, మనస్సు ఒక్కొక్కటే ఏడాదిపాటు దేహాన్ని వీడినా మనిషి బతికాడనీ, ప్రాణం కదలబోగానే తక్కిన ఇంద్రియాలన్నీ పెకలిపోబోయాయనీ అది చెబుతుంది. కాలిఫోర్నియా మధ్యలోయలోని వానమడుగుల అడుగుమట్టిని చూస్తే ఆ మాటతో సరిపెట్టుకోవడం కష్టం.

అక్కడ నేల లోపల నీటిని ఇంకనివ్వని గట్టిపొర ఉండటంతో చలికాలపు వానలకు పల్లాలు నిండి, వసంతం ముగిసేసరికి ఎండి నెర్రెలిస్తాయి. ఆ నీటిలో కొద్ది వారాల్లోనే పుట్టి, వెల్లకిలా ఈదుతూ పెరిగి, గుడ్లు పెట్టి చనిపోయే ఫెయిరీ ష్రింప్ (పేరుకే రొయ్య, నిజానికి వేరే వర్గం) తన తరువాతి తరాన్ని మట్టికే అప్పగిస్తుంది. దాని బంధువైన ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవి గుడ్డులో పిండం సుమారు 4,000 కణాల దగ్గర ఎదుగుదల ఆపేస్తుంది. ట్రెహలోజ్ అనే చక్కెర, పోయిన నీటికి బదులుగా నిలిచి కణాల పొరలను కాపాడుతుంది. జీవక్రియ కొలతకు అందనంతగా తగ్గిన, లేదా మళ్లీ మొదలయ్యే వీలుతో పూర్తిగా నిలిచిపోయిన ఈ స్థితికి జీవశాస్త్రవేత్త డేవిడ్ కీలిన్ 1959లో క్రిప్టోబయాసిస్, అంటే గుప్తజీవనం, అని పేరు పెట్టాడు.

అంతకు వందేళ్ల ముందే పారిస్‌లో ఇదే తగవు నడిచింది. రోటిఫర్లనే సూక్ష్మజీవులను ఎండబెట్టి, 82 రోజులు వాయుశూన్యంలోనూ, ఆపైన అరగంట 100 డిగ్రీల వేడిలోనూ ఉంచినా నీరు తగలగానే కదిలాయని వైద్యుడు పాల్ బ్రోకా నివేదించాడు. చచ్చి లేచాయంటే పునరుత్థానాన్ని ఒప్పుకోవాలి, బతికే ఉన్నాయంటే బతుకుకు ఆనవాలు చూపాలి.

ఈ చిక్కును జైనులు మరింత తెలివిగా పట్టుకున్నారనిపిస్తుంది. గాదెల్లో మూసి దాచిన గింజల్లో వరి, గోధుమ వంటివి 3 ఏళ్లు, పప్పుగింజలు 5, అవిసె వంటివి 7 ఏళ్ల వరకు యోనిగా, అంటే జీవం పుట్టగల చోటుగా, ఉంటాయని భగవతీ సూత్రం గడువులు కట్టింది. ఆ అంకెల మాట ఎలా ఉన్నా, జీవం ఇప్పుడు ఉందా అని కాక, ఎంతకాలం వరకు రాగలదు అని అడగడం పెద్ద ముందడుగు.

ఈ ప్రశ్నే కాలిఫోర్నియా మడుగుల సంరక్షణకూ వర్తిస్తుంది. 1994లో అమెరికా ప్రభుత్వం కొన్ని ఫెయిరీ ష్రింప్ జాతులను రక్షిత జాబితాలో చేర్చాక, మడుగులు పూడ్చినచోట బదులుగా వేరేచోట గుంటలు తవ్వి, పాతమట్టిని ఎండాకాలంలో గీకి తెచ్చి పరిచే పద్ధతి మరింతగా వాడుకలోకి వచ్చింది. గుడ్డును ఎక్కడికైనా మోయదగిన సరుకుగా చూడటమే ఈ బేరంలోని లోపం. తొలి వానకు గుడ్లన్నీ పిల్లలు కావు. వాన మధ్యలో మొహం చాటేసినా వంశం నిలిచేలా కొన్ని మట్టిలోనే ఆగిపోతాయి, ఎన్ని ఆగాలన్నది ఆయా చోట్ల వానల తీరును బట్టి తరతరాలుగా కుదిరిన లెక్క. అందుకే ఒక ఏడాది నీటిలో కనిపించిన జీవులను లెక్కపెట్టి పునరుద్ధరణ ఫలించిందనడం తొందరపాటు, ఏమీ కనిపించలేదని గుంటను ఖాళీ అనడమూ అంతే. అక్కడి సర్వే నియమాలు ఈ రెండో తప్పుకు కొంత అడ్డుకట్ట వేశాయి: వేసవిలో ఎండుమట్టిని జల్లెడపట్టి, సూక్ష్మదర్శినిలో గుడ్ల పెంకుల తీరును బట్టి ఫెయిరీ ష్రింప్ ఉనికిని పసిగడతారు, ఆ గుడ్డు మున్ముందు పిల్ల అవుతుందో లేదో పెంకు చెప్పకపోయినా సరే.