ఆగే చప్పుడు, ఆగని చప్పుడు

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్నాళ్ళు అమెరికా, కెనడా తూర్పు తీరంలో ఓడల రాకపోకలు పలచబడ్డాయి. ఫండీ అఖాతంలో నీటి అడుగు హోరు 6 డెసిబెల్స్ తగ్గింది. అక్కడ రైట్ వేల్స్ అనే తిమింగలాల మలం సేకరిస్తున్న పరిశోధకులకు అందులో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గినట్టు తేలింది. (ఈ మలం వాసన పట్టడానికి పడవ ముక్కున కుక్కను కూడా కూర్చోబెట్టుకుంటారట. చదువు ఎన్ని రకాలో!) మనుషులు గుండె పగిలి ఏడ్చిన రోజుల్లో తిమింగలాలకు కాస్త ఊపిరి ఆడిందన్నమాట.

2022-23 చలికాలంలో మా న్యూజెర్సీ తీరానికి హంప్‌బ్యాక్ తిమింగలాలు చచ్చి కొట్టుకొచ్చాయి. గాలిమరల కోసం సముద్రాన్ని సర్వే చేసే పడవల చప్పుడుదే ఆ పాపమన్నారు చాలామంది. తీరం ఊళ్ళలో ఇళ్ళ ముందు గాలిమరలు వద్దంటూ బోర్డులు వెలిశాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా మాత్రం అందుకు ఆధారమేదీ లేదంది. ఈ చావులు 2016 నుంచే ఎక్కువయ్యాయి. కోసి చూసిన కళేబరాల్లో సుమారు 40 శాతానికి ఓడ దెబ్బో, వలతాడు కోతో ఉంది.

అలాగని గాలిమరలకు నేను కితాబు ఇవ్వను. ఒక ఇల్లు పట్టేంత లావు ఉక్కు గొట్టాన్ని సముద్రం అడుగున సుత్తితో దిగ్గొడుతుంటే, చెవుల మీదే బతికే జీవికి అది నరకమే. అందుకే మాసాచుసెట్స్ దగ్గర చప్పుడును అణచే గాలిబుడగల తెర కట్టి ఆ పని చేశారు. రైట్ వేల్స్ ఎక్కువగా తిరిగే నెలల్లో, అంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా, సుత్తి ఎత్తబోమని వైన్‌యార్డ్ విండ్ సంస్థ 2019లో పర్యావరణ సంఘాలకు రాసిచ్చింది. సుత్తిది ఎప్పుడో ఒకప్పుడు ఆగే చప్పుడు. ఓడది అలా కాదు. మా ఇంటికి సోనామసూరి బస్తా వచ్చేది ఆ ఓడలోనే కాబట్టి దాన్ని నిందితుల్లో కలపడానికి మనసొప్పదు. కొత్తగా వచ్చినవాణ్ణి అనుమానించడం ఎంత సులువో!

బొగ్గూ చమురూ కాల్చిన పాపం ఇంకొకటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలో నీళ్ళు వేడెక్కి మేత కరవైతే రైట్ వేల్స్ ఉత్తరాన సెయింట్ లారెన్స్ సింధుశాఖకు వలస పోయాయి. అక్కడ వాటికి అడ్డూ ఆపూ లేని ఓడలూ తాళ్ళూ ఎదురయ్యాయి. 2017లో ఒక్క కెనడాలోనే 12 చచ్చాయి. ఇప్పుడు మొత్తం నాలుగు వందలు కూడా లేవు.

అమెరికాలో 65 అడుగులు, అంతకు మించిన ఓడలు కొన్ని చోట్ల, కొన్ని నెలల్లో 10 నాట్ల వేగం దాటకూడదని 2008 నుంచి నియమం ఉంది. దాన్ని చిన్న పడవలకూ వర్తింపజేస్తామని 2022లో ప్రతిపాదించి, 2025 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. అందుకు మా తీరంలో ఒక్క బోర్డు లేచినట్టు కూడా నా కంటపడలేదు.