నియమము తప్పిన కిరీటము

చదువవలసిన భాగము: 2 సమూయేలు 12:1-13
ధ్యాన వాక్యము: 2 తిమోతి 2:5



సైకిలు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. తెల్లవారుజామున పాల క్యానులు కట్టుకొని ఏలూరు కాలువ గట్టున పోవు సైకిళ్లను తాడేపల్లిగూడెము వారెరుగుదురు. కొల్లేటి లంకలలో దారులు బురదయైనప్పుడు సైకిలును భుజమున మోసికొని వాక్యము చెప్ప వచ్చిన ఉపదేశులను మన పెద్దలు నేటికిని తలంచుకొందురు. ఈ నెల ఒక సైకిలు పందెపు సంగతినే ధ్యానమునకు తీసికొనుచున్నాము. అది దూరదేశపు సంగతియే గాని, దానిలోని పాపము మన గుమ్మములోనే కాపురమున్నది.

ఫ్రాన్సు దేశములో ఏటేట టూర్ డి ఫ్రాన్స్ అను గొప్ప పందెము జరుగును. మూడు వారములపాటు, కొండలెక్కుచు దిగుచు, సుమారు 3,500 కిలోమీటర్లు త్రొక్కవలెను. అందరికంటె ముందున్నవానికి పసుపుపచ్చని చొక్కా తొడిగింతురు. అమెరికా దేశస్థుడైన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో క్యాన్సరు పాలై, చికిత్సచేత బ్రతికి, 1999 మొదలు 2005 వరకు వరుసగా ఏడు మారులు ఆ పందెము గెలిచెను. ఎందరో రోగులు అతని కథ చదివి ధైర్యము తెచ్చుకొనిరి.

అయితే 2012 అక్టోబరులో ఆ దేశపు డోపింగు నిరోధక సంస్థ తన నివేదికను బయటపెట్టెను. శరీరబలమును అక్రమముగా పెంచుకొనుటకు మందులు మొదలైనవి వాడుటను డోపింగు అందురు. రక్తములో ఎర్రకణములను పెంచు మందు పుచ్చుకొనుట, తన రక్తమునే ముందుగా తీసి దాచి మరల ఎక్కించుకొనుట, ఇట్టివెన్నో అందులో తేలినవి. 26 మంది సాక్ష్యమిచ్చిరి. వారిలో అతనితో కలిసి త్రొక్కిన జట్టువారును ఉండిరి. ఆ నెల 22వ తేదీన అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య ఏడు గెలుపులను కొట్టివేసెను. 2013 జనవరిలో అతడు టెలివిజనులో తప్పు ఒప్పుకొనెను.

ఆ ఏడు సంవత్సరముల విజేతల పట్టిక నేటికిని ఖాళీగా ఉన్నది. రెండవవానికి ఆ కిరీటము ఇయ్యలేదు. ఏలయనగా ఆ కాలమున ముందు నిలిచినవారిలో అనేకులకు అదే మరక అంటియుండెను. నియమము తప్పి పోరాడినవానికి కిరీటము లేదని పౌలు భక్తుడు తిమోతికి వ్రాసినది ఇట్లు కన్నులయెదుట నెరవేరెను.

ఈ వార్త విన్నప్పుడు మనుష్యులు ఏమనిరి? కొందరు, “అందరు చేసినదే అతడును చేసెను” అనిరి. అతడు కూడ, ఆ దినములలో అది మోసమని తనకు తోచలేదని చెప్పెను. ప్రియులారా, అందరు నడిచినంత మాత్రమున తప్పుదారి రాజమార్గము కాదు. మరికొందరు మండిపడిరి. దావీదును నాతాను చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ విని మండిపడెను. దోషి తానేయని తెలియువరకు ఆ కోపము అతనికి న్యాయముగానే కనబడెను.

కాని నిజము చెప్పినవారి గతి ఏమాయెనని అడిగినవారు కొద్దిమంది. 1999లో క్రిస్టోఫ్ బాస్సోన్స్ అను ఫ్రెంచి యౌవనుడు మందులు ముట్టక త్రొక్కుచు, పందెములో మోసమున్నదని పత్రికలో వ్రాసెను. తోటివారు అతనితో మాటలాడుట మానిరి. పసుపు చొక్కా తొడిగినవాడే అతని ప్రక్కకు వచ్చి, ఇంటికి పొమ్మనెను. ఆ ఒంటరితనము భరింపలేక అతడు పందెము మధ్యలోనే విడిచిపోయెను. జట్టువారికి ఒళ్లు పట్టు పనిచేసిన ఎమ్మా ఓరైలీ అను ఐర్లండు స్త్రీ తానెరిగినది చెప్పగా, ఆమె నడతమీదనే బురద చల్లిరి. ఆమెకు క్షమాపణ చెప్పవలసియున్నదని ఆర్మ్‌స్ట్రాంగ్ 2013లో ఒప్పుకొనెను. మందు పుచ్చుకొనుట ఒక పాపమైతే, సత్యము పలికినవారిని అబద్ధికులని చాటుట అంతకు మించిన పాపము.

మన దేశములో ఇట్టివి లేవా? 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్రపు పరుగు పోటీలకు డోపింగు పరీక్షాధికారులు వచ్చిరని తెలియగానే అనేకులు మాయమైరి. పురుషుల 100 మీటర్ల కడపటి పందెములో ఒక్కడే పరుగెత్తెను. ఎవరును తరుమకుండనే దుష్టులు పారిపోవుదురని సామెతల గ్రంథము 28:1లో ఉన్నది గదా!

మన రొయ్యల రైతులకు పరీక్ష సంగతి చెప్పనక్కరలేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ మందుల జాడ సరుకులో ఉన్నదేమోనని విదేశీయులు పరీక్షింతురు. 2016లో ఐరోపా సమాఖ్యవారు మన దేశపు చెరువు రొయ్యలలో నూటికి పది సరుకులకు బదులు ఏబది సరుకులను పరీక్షింప మొదలిడిరి. ఒకని చెరువులో పడిన మందు, తప్పెరుగని పొరుగు రైతు సరుకును కూడ అనుమానము పాలు చేయును. పాపము చేసినవానితోనే ఆగిపోదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకొనవలెను. చాల సంవత్సరముల క్రిందట కొల్లేటి ఒడ్డున ఒక సంఘములో కోతపండుగనాడు యౌవనులకు సైకిలు పందెము పెట్టితిమి. కాలువ గట్టు వెంట వంతెన దాక పోయి రావలెనని నియమము. మొదట వచ్చినవాడు వంతెన దాక పోకయే చేపల చెరువు గట్టున అడ్డదారి పట్టెను. అతడు సంఘములో పలుకుబడిగల ఇంటి బిడ్డ. వెనుక వచ్చిన బీద పిల్లవాడు ఆ మాట చెప్పగా, “ఓడినవాడు ఇట్లే అనును, అబద్ధములాడకురా” అని అందరిలో కసరితిమి. స్టీలు బిందె మొదటివానికే ఇచ్చితిమి. మరునాడు, గట్టున గడ్డి కోసికొనుచుండిన ఒక తల్లి తానును చూచితినని మాతో చెప్పెను. అయినను పెద్దల మనస్సు నొచ్చునని నోరు విప్పలేదు. ఆ పిల్లవాడు మరి యౌవనుల కూటమునకు రాలేదు.

బాస్సోన్స్ కథ చదివినప్పుడు ఆ పిల్లవాని ముఖము మా కన్నులయెదుట నిలిచెను. క్రిందటి నెల అతని యింటికి పోతిమి. అతడిప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. “తప్పు మాది, నాయనా, క్షమించుము” అంటిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, “అయ్యగారూ, బిందె పోయినందుకు కాదండి. దేవుని మందిరము ముందర మీరు నన్ను అబద్ధికుడన్నారు” అనెను. అతడు ఇంకను ఆరాధనకు రాలేదు. రమ్మని అడుగుటకు మాకు నోరు రాలేదు. అతని యింట ఇచ్చిన మంచినీళ్లు త్రాగి, ప్రార్థించి, తిరిగి వచ్చితిమి.

ఆ మొదటివానికి కూడ మేము మేలు చేయలేదు. తనది కాని కిరీటమును అతని తలమీద పెట్టి, మోసము చెల్లునని నేర్పితిమి. ఆనాడే సాత్వికముతో దిద్దియుండినయెడల ఇద్దరు బిడ్డలును మనకు దక్కియుందురు. తప్పిదములో చిక్కినవానిని మంచి దారికి తీసికొని రావలెనని గలతీ 6:1 నేర్పుచున్నది. కప్పిపుచ్చుట ప్రేమ కాదు, వీధికీడ్చుట నీతియు కాదు.

కాబట్టి ప్రియులారా, ఎవడైనను పడిపోయెనని విన్నప్పుడు మొదట మన త్రాసును, మన కొలపాత్రను, మన చెరువును పరీక్షించుకొందము. బీదవాడు సత్యము పలికినప్పుడు, అతని ఇంటిపేరు చూడక మాట విందము. మన మూలమున నోరు మూతపడినవారు ఎవరైన ఉన్నయెడల, రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందుగానే వారి గుమ్మమునకు పోదము. వారు వెంటనే క్షమింపకపోయినను పోవలసినదే.

ప్రార్థన: సత్యస్వరూపివైన తండ్రీ, మా అడ్డదారులన్నియు నీవు చూచియున్నావు. అన్యాయముగా తెచ్చుకొన్న కిరీటములను మా తలలనుండి తీసివేయుము. మేము గాయపరచినవారిని నీవే స్వస్థపరచుము. నీ కుమారునివైపు చూచుచు, నియమముతో మా పరుగు ముగించు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.