కృతజ్ఞత యెవరికి?

ఆంగ్లము నేర్చు మన పిల్లలకు అమెరికావారి థాంక్స్‌గివింగ్ పండుగను వివరించునపుడు, నవంబరు నాలుగవ గురువారము, టర్కీకోడి, గుమ్మడికాయ వంటకము అని ముగించుట సులభము. సంక్రాంతికి గుమ్మడికాయ దానమిచ్చు మనకది వింతయు గాదు.

కాని 1621లో ప్లిమత్ వలసవారికి పంట దక్కినది వాంపనోగు ఆదివాసులు మొక్కజొన్న సాగు నేర్పినందువలన. పిమ్మట ఆ నేల వారి చేజారినది. 1970 నుండి ఆదివాసులు కొందరు అక్కడ ఆ దినమున సంతాపము పాటించుచున్నారు. అన్నమిచ్చిన దైవమునకు మ్రొక్కి, చోటిచ్చినవారిని మరచినచో అది కృతజ్ఞత యగునా?

నారాయణపట్నలో కోదుల నడుమ నిలదొక్కుకొన్న మనము ఈ ప్రశ్నను పాఠమునకే విడువరాదు. ఆదివాసుల భూమి అన్యాక్రాంతము కాకుండ 1956లోనే ఒరిస్సాలో నిబంధన వచ్చినది. కాని నిబంధన కృతజ్ఞతను నేర్పజాలదు. పంట యింటికి వచ్చిననాడు తొలి నమస్కార మెవరికో మనమే తేల్చుకొనవలెను.