బిగిసిన బిరడ

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే పెద్దాయన ఒకడుండేవాడు. పనస దుంగ ముందర వేసుకుని కూర్చుంటే కుండ, దండి, యాళి తల మూడూ ఒకే కర్రలోంచి తీసేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకోడానికి మేనల్లుడు చేరాడు. పంతొమ్మిదేళ్ళ గుంటడు. చేతిలో పనుంది, నోట్లో మాట లేదు.

శ్రావణమాసం. వారం రోజులుగా ముసురు. రాజాం నుంచి ఒక వీణ బాగుకొచ్చింది. తీగలు బిగించే ఏడు బిరడల్లో ఒకటి తిరగడం లేదు. వానగాలికి కర్ర ఉబ్బి కన్నంలో కరుచుకుపోయింది. పెద్దాయన ఏదో పెళ్ళికి బయల్దేరుతూ, "దాని జోలికెళ్ళకు, నానొచ్చాక సూద్దాం" అని చెప్పి మరీ వెళ్ళాడు.

గుంటడు ఆగలేకపోయాడు. మావ వచ్చేసరికి బాగుచేసి చూపిద్దామనుకున్నాడు. చేత్తో తిప్పాడు, రాలేదు. గుడ్డ చుట్టి తిప్పాడు, రాలేదు. పటకారు పెట్టి, పళ్ళు బిగబట్టి ఒక్క తిప్పు తిప్పాడు. బిరడ కదిలింది. దాంతోపాటు టిక్కుమని చిన్న చప్పుడైంది. కన్నం అంచునుంచి వెంట్రుకంత బీట.

అప్పుడు వాడు లక్క కరిగించి బీటలో నింపాడు. పైన రంగు పూశాడు. వీణమీద గోనె కప్పి మిగతావాటి వెనక్కి తోసేశాడు. మావ వచ్చి అడిగితే "అయిపోనాది మావా" అన్నాడు. ఆ నెల్లాళ్ళూ ఎవరు ఆ మూలకెళ్ళినా వాడికి అన్నం ముద్ద గొంతులో అడ్డం పడేది.

వీణగలావిడ వచ్చింది. కూర్చుని శ్రుతి చేసుకుంది. తీగ బిగిసేసరికి లక్క పొడిపొడిగా రాలింది, బీట బెత్తెడు పాకింది.

పెద్దాయన ఆవిణ్ణి సముదాయించి పంపేసి గుంటడి వైపు తిరిగాడు.

"ఎప్పుడు బీటేసింది?"

"నువ్వు పెళ్ళికెళ్ళిన్నాడే మావా."

"ఆవేళే సెప్పుంటే సన్న ముక్క పెట్టి అతికీసీవోణ్ణి. ఇప్పుడు ఈ సెక్కంతా కోసీయాల. ఇరిగినాదని కోపం నేదురా నాకు. నెల్లాళ్ళు గోనె కింద ఎట్టీసేవు సూడు, అదీ."

మర్నాడు అలాగే బిగిసిన ఇంకో వీణ తెచ్చి ముందర పెట్టాడు. తడి తగలని గదిలో రెండు రోజులు ఉంచాడు. బిరడ అంచు చుట్టూ సబ్బు రాసి, సుద్దపొడి అద్ది, నువ్వుగింజంత తిప్పి వదిలేశాడు. మర్నాడు ఇంకో నువ్వుగింజంత. గుంటడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఎనిమిదో రోజుకి బిరడ తన మానాన తిరిగింది.

ఆ సాయంత్రం సుద్దముక్క చేతిలో నలుపుతూ గుంటడు అన్నాడు: "మావా, నాకూ ఒకటుంది." తలెత్తకుండానే అంతా చెప్పేశాడు. అంగం మీది ముందు తోలు వెనక్కి రాదని, ఫోన్లో ఏదో చూసి ఒకసారి గట్టిగా లాగితే చిట్లి నెత్తురొచ్చిందని, అది మానాక ఇంకా బిగుసుకుపోయిందని, ఇంట్లో మాఘంలో పెళ్ళంటున్నారని. పెద్దాయన నవ్వలేదు. "రేపు మొదటి బస్సుకి విజినారం ఎల్దాం" అన్నాడు, అంతే.

నీతి: బిగిసినదాన్ని బలవంతంగా లాగకు. లాగి దెబ్బతీస్తే గోనె కింద దాచకు.

కథ కల్పితమే. గుంటడి బాధ మాత్రం కల్పితం కాదు. పెళ్ళికి నెలా రెండు నెలల ముందు డాక్టరు దగ్గరికి పరుగెత్తే కుర్రాళ్ళలో కొందరిది ఇదే గొడవ. వైద్యులు దీన్ని ఫైమోసిస్ అంటారు. పేరు విని బెదరనక్కర్లేదు. తోలు చివర ఉండే ఉంగరంలాంటి భాగం ఇరుకుగా ఉండి, కింద ఉన్న మొనమీదనుంచి వెనక్కి జరగకపోవడం, అంతకన్నా ఏమీ లేదు.

పుట్టుకతో దాదాపు అందరికీ ఇది ఇలాగే ఉంటుందన్న సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలీదు. పసివాడికి తోలు మొనకి అంటుకునే ఉంటుంది. 1949లో డగ్లస్ గైర్డ్‌నర్ అనే ఇంగ్లండు పిల్లల వైద్యుడు లెక్క తీస్తే, అప్పుడే పుట్టిన మగపిల్లల్లో నూటికి నలుగురికే అది పూర్తిగా వెనక్కి వచ్చింది. పెరిగేకొద్దీ దానంతటదే విడుతుంది. 1968లో యాకబ్ ఓస్టర్ డెన్మార్క్ బడిపిల్లల్ని ఏళ్ళతరబడి పరీక్షించి రాసిన లెక్క ప్రకారం, ఆరేడేళ్ళ వాళ్ళలో నూటికి ఎనిమిదిమందికి బిగువుంటే, పదహారు పదిహేడేళ్ళకి ఒక్కరికే మిగిలింది. అందుకే చంటిపిల్లాడికి నీళ్ళు పోస్తూ నూనె రాసి తోలు వెనక్కి లాగే అమ్మమ్మలకు దణ్ణం పెట్టి చెప్పాలి: వద్దమ్మా, చిట్లుతుంది. చిట్లినచోట మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన తోలు సాగదు. కథలో గుంటడికి జరిగిందీ అదే.

ఆ నూటికొక్కడు మాత్రం తనలాంటివాడు లోకంలో లేడనుకుంటాడు. డెన్మార్క్ లెక్కే మనకీ వర్తిస్తుందనుకుంటే, వెయ్యిమంది మగపిల్లలున్న కాలేజీలో పదిమంది ఉంటారు. పదిమందీ ఒకే క్యాంటీన్లో టీ తాగుతూ ఒకరికొకరు చెప్పుకోరు.

చెప్పనివ్వనిది పరువు. బొబ్బిలివాళ్ళకి అదంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకి ఎదురునిలిచిన ఊరు. ఆ బుస్సీ దేశానికి తర్వాత రాజైన పదహారో లూయీ, బొబ్బిలి యుద్ధమైన పదమూడేళ్ళకి, 1770లో పెళ్ళి చేసుకున్నాడు. ఏడేళ్ళు గడిచినా కాపురం కుదరలేదు. రాజుగారికి ముందు తోలు బిగువని ఐరోపా అంతా గుసగుసలు. అది నిజమో కాదో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆపరేషన్ అక్కర్లేదని చూసిన వైద్యులు అన్నట్టు కూడా ఉంది. 1777లో బావమరిది, పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో జోసెఫ్, పారిస్ వచ్చి రాజుతో విడిగా కూర్చుని నోరు తెరిచి మాట్లాడాడు. మరుసటేడు డిసెంబరులో కూతురు పుట్టింది. కోట నిండా వైద్యులున్నవాడికే మాట్లాడే బావమరిది కావలసి వచ్చాడంటే, మన గుంటడి సంగతి చెప్పేదేముంది.

సరే, విజయనగరంలో డాక్టరు ఏం చేస్తాడు? మొదట చూస్తాడు. అంటే మెత్తగా ఉండి ఇరుకైన తోలా, లేక తెల్లగా పాలిపోయి గట్టిపడిన మచ్చా అన్నది చూస్తాడు. మెత్తటిదైతే మొదటి మందు కత్తి కాదు, క్రీము. బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీమును రోజుకి రెండుసార్లు, ఆ ఇరుకు ఉంగరం మీద మాత్రమే పల్చగా రాసి, నొప్పి పుట్టేదాకా పోకుండా మెల్లగా వెనక్కి సాగదీయమంటాడు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు. మన పెద్దాయన సుద్దా సబ్బూ ఇదే. ఎక్కువమందికి దీనితోనే సరిపోతుంది. రెండు రోజులు రాసి మారలేదని మానేస్తే మాత్రం సరిపోదు. తగ్గాక కూడా స్నానానికి వెళ్ళినప్పుడల్లా వెనక్కి జరిపి ఉత్త నీళ్ళతో కడుక్కోవాలి, లేకపోతే మళ్ళీ బిగుస్తుంది.

ఒక హెచ్చరిక. మందులషాపులో "దురదకి ఏదైనా ఇవ్వండి" అంటే చేతికొచ్చే ట్యూబులో సాధారణంగా స్టెరాయిడు, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపేసి ఉంటాయి. ఆ కలగూరగంప రాసుకుంటే ఉన్న జబ్బు ముసుగేసుకుంటుంది. ఏ క్రీము, ఎన్నాళ్ళు అన్నది చూసినవాడే చెప్పాలి.

ఇంకొకటి. మొన్నటిదాకా బాగానే ఉండి, ఈమధ్యే తోలు చిట్లుతూ, దురదపెడుతూ బిగుసుకుంటుంటే ముందు రక్తంలో చక్కెర చూపించుకోవాలి. షుగరు బయటపడే దారుల్లో ఇదొకటి. పాతికేళ్ళ కుర్రాడికి షుగరేమిటని డాక్టర్లు ఇప్పుడు ఆశ్చర్యపోవడం లేదు.

తెల్లటి గట్టి మచ్చకి, క్రీముకి లొంగని బిగువుకి, మూత్రం పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బి ధార సన్నబడేవాడికి, పదేపదే చీము పట్టేవాడికి ఆపరేషన్ అవసరం కావచ్చు. పూర్తి సున్తీ కావచ్చు, తోలు ఉంచి ఇరుకుని మాత్రం వదులు చేసే చిన్న కోత కావచ్చు. రెండోది అందరికీ నప్పదు. సాధారణంగా ఆ చోటుకే మత్తిచ్చి చేస్తారు, అదేరోజు ఇంటికి రావచ్చు. నాలుగైదు వారాలు కాపురానికి దూరంగా ఉండాలి. కాబట్టి లగ్నపత్రిక రాసుకున్నాక కాదు, అంతకు ముందే వెళ్ళాలి. ఇక సున్తీ అనగానే మతం గుర్తొచ్చి జంకే ఇళ్ళున్నాయి. పన్ను పీకించుకుంటే ఏ మతమో, ఇదీ అదే. జబ్బు తోలుకొచ్చింది, తోలు తీశారు.

బొబ్బిలివాడికి నెల్లిమర్ల పెద్దాసుపత్రి ఉంది, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, విశాఖపట్నంలో కేజీహెచ్ ఉంది. యూరాలజిస్టు అని అడగడానికి నాలుక తిరక్కపోతే "సర్జన్ గారికి చూపించుకోవాలి" అంటే చాలు. చీటీ రాసే అమ్మాయికి కారణం చెప్పక్కర్లేదు, లోపల డాక్టరుకి చెబితే సరి.

ఇవన్నీ తీరిగ్గా చూసుకునే సంగతులు. ఒక్కటి మాత్రం తీరిగ్గా చూసుకునేది కాదు. బిగువుగా ఉన్న తోలు ఎలాగో వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు రాకపోతే, అది మొన వెనక దారం కట్టినట్టు బిగుస్తుంది. మొన ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ తోలు ఇంకా రాదు, కొన్ని గంటల్లో నెత్తురు ఆడటం తగ్గిపోతుంది. ఇలా అయితే తెల్లారనివ్వకండి. సిగ్గు ఇంట్లో వదిలేసి, అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి.